కొత్త నగరంలో ఒక పేటను కాలినడకన చూడటం ఎలా: మొదటి నుంచి చివరిదాకా

కొత్త ఊరు వెళ్లినప్పుడు మనలో చాలామందిది ఒకటే తంతు. పొద్దున్నే ఒక జాబితా, సాయంత్రానికి జాబితాలో అన్నిటికీ టిక్కులు, రాత్రికి పిక్కలు పట్టేయడం. ఫోన్‌లో మూడొందల ఫోటోలుంటాయి. ఏ వీధి పక్కన ఏ వీధి ఉందో మాత్రం చెప్పలేం. నేనూ చాలా ఏళ్లు అలాగే తిరిగాను. ఇప్పుడు నగరం మొత్తం జోలికి పోవడం మానేశాను. జనంతో కిటకిటలాడే పేట ఒకటి ఎంచుకుంటాను, దాన్నే రెండుసార్లు, రెండు వేర్వేరు వేళల్లో నడుస్తాను. పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత ఈ పనికి అచ్చంగా సరిపోతుంది.

గైడు లేకుండా ఒక్కరో ఇద్దరో నడవడానికి పనికొచ్చే పద్ధతి ఇది. నలుగురు దాటితే పనిచేయదు. ఒకరు ఆగితే ముగ్గురు చిరాకుపడతారు.

1. ముందు పేటను చిన్నగా కోసుకోండి

నడక చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. "పాత నగరం చూద్దాం" అని బయల్దేరితే అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. చూశామో లేదో కూడా తెలియదు. చిన్న లెక్క వేసుకోండి. ఖాళీ రోడ్డు మీద మామూలు మనిషి గంటకు 5 కిలోమీటర్ల దాకా నడుస్తాడు, అంటే నిమిషానికి 80 మీటర్లకు కాస్త అటూ ఇటూ. జనం ఒత్తుకుంటూ నడిచే వీధిలో ఆగుతూ, చూస్తూ, బండికి దారిస్తూ పోతే గంటకు 2 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. మూడు గంటలకు 6 కిలోమీటర్లు.

ఇప్పుడు కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న పేటలో వంద మీటర్లకో వీధి ఉందనుకోండి. నిలువుగా 11, అడ్డంగా 11, ఒక్కొక్కటీ కిలోమీటరు. మొత్తం 22 కిలోమీటర్లు! కాళ్లరిగేలా తిరిగినా ఒక పూటలో అయ్యే పని కాదు. అదే అర కిలోమీటరు చదరం తీసుకుంటే నిలువుగా 6, అడ్డంగా 6, ఒక్కొక్కటీ అర కిలోమీటరు. సరిగ్గా 6 కిలోమీటర్లు, అంటే మూడు గంటల నడక. నా కొలత ఎప్పుడూ ఇదే, అర కిలోమీటరు చదరం. వినడానికి చాలా చిన్నదిగా అనిపిస్తుంది. నడిచాక అనిపించదు.

(రోజుకు పదివేల అడుగులు లెక్కపెట్టుకునేవాళ్లకు ఒక మాట. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు వల్ల వ్యాపించింది. దాని పేరు 'మాన్‌పో-కేయి', పదివేల అడుగుల మీటరు అని అర్థం. ఈ 6 కిలోమీటర్లలో, అడుగుకు 70 సెంటీమీటర్లు వేసుకుంటే, 8,500 పైచిలుకు అడుగులు పడతాయి. మిగతావి బస సందులో తిరిగి పూర్తి చేసుకోండి.)

చదరాన్ని గాల్లో గీయకండి. అమెరికా నగర ప్రణాళికా నిపుణుడు కెవిన్ లించ్ బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాల్లోని మనుషులను వాళ్ల ఊరి బొమ్మ గీయమని అడిగి, 1960లో ఒక సంగతి చెప్పాడు. మనిషి మనసులో నగరం ఐదు రకాల ముక్కలుగా ఉంటుందట: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, గుర్తులు. మీకు అన్నిటికన్నా ముందు కావలసింది అంచులు. ఒక పక్క నదో రైలు పట్టాలో, ఇంకో పక్క వెడల్పాటి రోడ్డో పాత గోడో ఉన్న ముక్కను ఎంచుకోండి. లోపల ఎంత తిరిగినా ఏదో ఒక అంచు తగిలి ఆపుతుంది. అంచు ఉన్న పేటలో దారి తప్పినా టెన్షన్ ఉండదు.

2. మ్యాప్‌ను ముందురోజు రాత్రి చదవండి, దారిలో కాదు

వీధిలో మ్యాప్ చూస్తూ నడిచే మనిషికి మ్యాప్ తప్ప ఏమీ కనపడదు. పైగా ఎత్తయిన భవనాల మధ్య జీపీఎస్‌ను నమ్మడానికి లేదు. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం గోడలకు తగిలి, వంకర దారిలో ఫోన్‌ను చేరుతుంది. మీరు ఒక సందులో ఉంటే నీలం చుక్క పక్క సందులో గెంతులేస్తుంది.

అందుకే ముందురోజు రాత్రి ఒక అరగంట కూర్చోండి. ఆ ప్రాంతం మ్యాప్‌ను ఫోన్‌లోకి దించుకోండి, నెట్ లేకపోయినా తెరుచుకునేలా. పేటలోకి వెళ్లే చోటు ఒకటి, బయటపడే చోట్లు రెండు గుర్తుపెట్టుకోండి. మరుగుదొడ్డి ఉండే చోటు, కాసేపు కూర్చోగల పార్కో మెట్లో గుర్తించండి. బస పేరు, చిరునామా ఆ ఊరి లిపిలోనే ఒక కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్ పోయినా ఆ కాగితం మిమ్మల్ని బసకు చేరుస్తుంది. చాలా దేశాల్లో 112 నంబరుకు ఫోన్ చేస్తే అత్యవసర సాయం అందుతుంది. మీరు వెళ్లే దేశంలో ఏ నంబరో చూసి, అదీ ఆ కాగితం మీదే రాసుకోండి.

ఆ తర్వాత మ్యాప్‌ను చిరునామాల కోసం కాకుండా ఆకారం కోసం చూడండి. అసలు మజా ఇందులోనే ఉంది.

గళ్ల నగరమా, అల్లిబిల్లి నగరమా? న్యూయార్క్‌లోని మన్‌హటన్‌ది 1811 ప్రణాళికలో గీసిన గళ్ల నమూనా. అక్కడ ఉత్తర దక్షిణాలుగా నడిస్తే దాదాపు 20 గళ్లకు ఒక మైలు. అంటే గడికి ఒక నిమిషం, గడియారంతోనే దూరం చెప్పేయొచ్చు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఇల్డెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు 1859లో గీసిన ఎయిషంప్లా పేట కూడా గళ్లదే, కానీ ప్రతి గడికీ మూలలు కోసేసి ఉంటాయి. మ్యాప్‌లో అందంగా ఉంటుంది. నడిచేవాడికి మాత్రం ప్రతి కూడలిలోనూ నేరుగా దాటే వీలు ఉండదు, పక్కకు వెళ్లి, దాటి, మళ్లీ దారిలోకి రావాలి. మ్యాప్ చెప్పిన సమయానికి అక్కడ కొంచెం కలుపుకోవాలి. మొరాకోలోని ఫెజ్ పాత నగరం ఇంకో కొస. అక్కడి వేల సందుల్లో కార్లు పట్టవు. సరుకు గాడిదల మీద, కంచర గాడిదల మీద వెళ్తుంది. వెనక నుంచి "బాలక్" అని కేక వినపడితే "తప్పుకో" అని అర్థం, వెంటనే గోడకు అతుక్కోవాలి. ఇలాంటి చోట నిమిషాల లెక్క పనికిరాదు.

ఇంటి నంబర్లు ఎలా పడ్డాయో కూడా ఒకసారి చూసుకోండి. ప్యారిస్‌లో సెయిన్ నదికి అడ్డంగా వెళ్లే వీధులకు నంబర్లు నది దగ్గర మొదలవుతాయి. నది వెంట పోయే వీధులకు ప్రవాహం ఎటో అటు పెరుగుతాయి. 1805 నుంచి అదే పద్ధతి. ఇది తెలిస్తే నంబర్లు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా చూసి, నది ఎటుందో మ్యాప్ లేకుండానే చెప్పొచ్చు. జపాన్‌లో చాలా చోట్ల వీధికి పేరే ఉండదు, గడికి నంబరు ఉంటుంది. లోపల ఇళ్ల నంబర్లు కట్టిన వరుసలో పడి ఉండొచ్చు కాబట్టి 4 పక్కన 11 కనపడితే కంగారు పడక్కర్లేదు. వెనిస్‌లో నంబర్లు వీధికి కాకుండా పేట మొత్తానికి వరసగా పోతాయి, వేలల్లోకి. అక్కడ నంబర్లను నమ్ముకోవడం కన్నా గోడల మీద రియాల్తో, సాన్ మార్కో అని దారి చూపే పసుపు పలకలను నమ్ముకోవడం తెలివైన పని.

చివరగా, పేట మధ్య నుంచి పోయే పెద్ద వీధి ఏదో కనిపెట్టండి. దాన్ని వెన్నుపూస అనుకోండి. మిగతా సందులన్నీ దానికి అతుక్కున్న పక్కటెముకలు. ఆ వీధి పేరు ఒక్కటి నోటికి వస్తే చాలు.

3. రోజు, వేళ, నీడ

వారపు సెలవు చూసుకోకుండా వెళ్తే మూసిన తలుపులను చూసి రావలసి వస్తుంది. ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్ ఆదివారం తెరవరు. ఇలాంటిది ప్రతి పేటకూ ఏదో ఒకటి ఉంటుంది.

వేళ సంగతి ఇంకా ముఖ్యం. సరుకు దిగే వేళ, దుకాణాలు తెరిచే వేళ, ఆఫీసులు వదిలే వేళ, ఇలా ఒకే వీధి రోజులో నాలుగైదు వీధులుగా మారుతుంది. మొదటి నడకకు ఉదయాన్నే ఎంచుకుంటాను. వ్యాపారం ఇంకా పూర్తిగా మొదలై ఉండదు, మనుషులకు మాట్లాడే తీరిక ఉంటుంది, భవనాల ముందు సరుకు పరచకముందే వాటి అడుగు భాగం కనపడుతుంది. రెండో నడక దీపాలు పెట్టాక.

ఎండను తేలిగ్గా తీసుకోకండి. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధిలో ఉదయం తూర్పు పక్క నీడ, మధ్యాహ్నం దాటాక పడమటి పక్క నీడ. తూర్పు పడమరలుగా పోయే వీధిలో, కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న నగరమైతే, దక్షిణం పక్క ఫుట్‌పాత్ ఎక్కువసేపు నీడలో ఉంటుంది. ఈ ముక్క గుర్తుంచుకుని పక్క మారుతూ నడిస్తే ఎండాకాలంలో ఇంకో గంట ఓపిక మిగులుతుంది. కూర్చునేవాళ్లు, అమ్మేవాళ్లు కూడా ఈ లెక్కతోనే కదులుతుంటారు. దాని గురించి కింద చెబుతాను.

4. కాళ్లు, సంచి

కొత్త బూట్లు వద్దు. అంతకన్నా చెప్పాల్సింది లేదు గానీ, రాతి పలకలు పరిచిన వీధుల్లో పల్చటి అడుగున్న చెప్పులు గంటకే పాదాలను నొప్పెట్టిస్తాయి. మడమ దగ్గరో చిటికెన వేలి దగ్గరో చురుక్కుమని వేడి తగిలిందా, అప్పుడే ఆగి ప్లాస్టర్ వేసుకోండి. "ఇంకో వీధి చూసి వేద్దాం" అంటే ఆ ఇంకో వీధిలో బొబ్బ లేస్తుంది.

సంచి చిన్నది, జనం ఒత్తిడిలో ముందుకు తిప్పుకునేది. ఫోన్ వెనక జేబులో వద్దు. డబ్బు రెండు చోట్ల. నీళ్లు, పవర్ బ్యాంక్, ఒక పెన్ను.

5. మొదటి గంట: అంచు, వెన్నుపూస

పేటలో అడుగుపెట్టగానే సందుల్లోకి దూరాలనిపిస్తుంది. ఆపుకోండి. ముందుగా రెండు అంచుల వెంట నడవండి. తర్వాత పెద్ద వీధిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆగకుండా వెళ్లండి. ఫోటోలు తీయకండి. ఈ గంటలో మీరు చేసే పని ఒక్కటే, గుర్తులు పెట్టుకోవడం.

గుర్తుల ఎంపికలో అందరం పొరపాటు చేస్తాం. రంగురంగుల బోర్డు చూసి గుర్తు పెట్టుకుంటాం. ఆ కంపెనీ బోర్డు అదే వీధిలో మూడు చోట్ల ఉంటుంది, రాత్రి వెలుగులో ఇంకోలా కనపడుతుంది. పార్క్ చేసిన బండిని గుర్తు పెట్టుకున్న మహానుభావులూ ఉన్నారు (నేనే). కదలనిది, ఒక్కటే ఉన్నది, రాత్రి కూడా కనపడేది కావాలి. గోపురం, గడియార స్తంభం, వంగిన చెట్టు, రెండు వీధులు కలిసే చోట మూల సన్నగా కోసుకుపోయిన భవనం ఇలాంటివి.

ఇంకో అలవాటు చేసుకోండి. ప్రతి మలుపు తిరిగాక పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి ఒక్కసారి చూడండి. తిరిగి వచ్చేటప్పుడు మీకు కనపడేది ఆ దృశ్యమే. వెళ్లేటప్పుడు చూసిన వీధి, వచ్చేటప్పుడు చూసే వీధి ఒకేలా ఉండవు. దారి తప్పేవాళ్లలో సగం మందిని ఈ ఒక్క చూపు కాపాడుతుందని నా నమ్మకం.

6. ఇప్పుడు సందుల్లోకి

పెద్ద వీధి నుంచి కుడికి తిరగండి, మళ్లీ కుడికి, మళ్లీ కుడికి. గళ్ల నగరమైతే మూడు మలుపుల్లో పెద్ద వీధికే వస్తారు, బయల్దేరిన చోటికి కాస్త వెనక. కొంచెం ముందుకు నడిచి ఈసారి ఎడమ పక్క సందుల్లో అదే చేయండి. ఇలా పెద్ద వీధికి అటూ ఇటూ ఉచ్చులు వేసుకుంటూ పోతే, ఒక్క సందు కూడా రెండుసార్లు నడవకుండా పేట చాలావరకు అయిపోతుంది.

అల్లిబిల్లి నగరంలో ఇది సాగదు, సందు మధ్యలో గోడ వస్తుంది. మూసుకుపోయే సందును ముందే పసిగట్టే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. ఆ చివర దాకా దారి ఉన్న సందులో మనుషులు చూపు ముందుకు పెట్టి, వేగంగా నడుస్తారు. లేని సందులో తలుపుల దగ్గర ఆగి ఉంటారు. నేల మీద రాళ్లు మధ్యలో అరిగి నున్నగా మెరుస్తుంటే రాకపోకలు ఉన్నట్టు. పిల్లలు సందు నడుమ ఆటలో మునిగి ఉంటే, బట్టలు అడ్డంగా ఆరేసి ఉంటే, అది చాలావరకు ఆ నాలుగిళ్ల వాళ్ల సొంత జాగా. అక్కడి నుంచి మర్యాదగా వెనక్కి వచ్చేయండి. ఎవరూ ఏమీ అనకపోవచ్చు, అయినా అది వాళ్ల వాకిలి.

సందుల్లో నడిచేటప్పుడు చూపు ఎదురుగా ఉంచితే మీకు దొరికేవి దుకాణాలే. తల ఎత్తండి. కింది అంతస్తు ఎన్నిసార్లు మారినా రెండో అంతస్తుకు పాత ముఖం మిగిలి ఉంటుంది. కట్టిన సంవత్సరం, పాత వ్యాపారి పేరు, మూసేసిన కిటికీ గుర్తు అక్కడే దొరుకుతాయి. లండన్‌లో ఫలానావారు ఈ ఇంట్లో ఉండేవారని చెప్పే పలకలు బిగించే పథకం 1866లోనే మొదలైంది. తర్వాత తల దించండి. జర్మనీలోనూ యూరప్‌లోని ఇంకా అనేక నగరాల్లోనూ ఫుట్‌పాత్‌లో 10 సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టినవి. నాజీల చేతిలో బలైన మనిషి తన ఇష్టంతో చివరగా నివసించిన ఇంటి ముందు, ఆ మనిషి పేరుతో ఒక పలక. చదవాలంటే వంగాలి.

పాదాల కింద ఇంకొకటీ ఉంటుంది, రోజూ తొక్కుతూ పట్టించుకోనిది. పసుపు రంగు గరుకు పలకలు. జపాన్‌లోని ఒకాయామాలో సెయిచి మియాకే తయారుచేస్తే, 1967లో మొదటిసారి అక్కడి వీధిలో పరిచారు. పొడుగు గీతలుంటే ముందుకు వెళ్లవచ్చని, చుక్కలుంటే ఆగమని. చూపు లేనివాళ్ల దారి అది. ఫోటో కోసం దాని మీద నిలబడకండి, సంచి పెట్టకండి.

వీధుల పేర్లు కూడా చదవండి. పాత పేటల్లో వృత్తి పేరున్న వీధి తప్పకుండా ఒకటి ఉంటుంది. ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌లో కల్పక్చిలర్ వీధి ఉంది. కల్పక్ అంటే బొచ్చు టోపీ, అది టోపీలు కుట్టేవాళ్ల వీధి. ఇప్పుడక్కడ వరసగా బంగారు నగల కొట్లు. వీధి పేరుకూ, ఇప్పుడక్కడ అమ్మే వస్తువుకూ పొంతన లేకపోతే అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉన్నట్టే.

7. ఇరవై నిమిషాలు ఒకే చోట కూర్చోండి

ఎవరికి చెప్పినా దాటేసే మెట్టు ఇదే. నా దృష్టిలో మిగతా మెట్లన్నీ దీనికోసమే.

రెండు సందులు కలిసే చోట, నీడలో, ఎవరి తలుపుకూ అడ్డం కాకుండా కూర్చోండి. ఫోన్ సంచిలో. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగదు, విసుగొస్తుంది. ఆ తర్వాత వీధి మిమ్మల్ని మర్చిపోతుంది.

ఒకసారి ఇలాగే ఒక పాత పేటలో, ఉత్తర దక్షిణాలుగా పోయే సన్నటి వీధిలో పన్నెండుకు పావుగంట ముందు కూర్చున్నాను. ఎదురుగా తూర్పు పక్కన మూసిన షట్టర్. దాని ముందు మడత బల్ల వేసుకుని తాళంచెవులు చేసే ఒక పెద్దాయన. చెవిని చిన్న బిగింపులో పెట్టి ఆకురాయితో నాలుగు రాపిళ్లు, ఎత్తి వెలుతురుకు పట్టి చూడటం, మళ్లీ రెండు రాపిళ్లు. ఇనుప రజను బల్ల మీద నుంచి రాళ్ల సందుల్లోకి రాలుతోంది. పన్నెండు కావస్తుండగా వెనక షట్టర్ లోపలి నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. పెద్దాయన వెనక్కి చూడను కూడా లేదు. చెవుల గుత్తి మెడలో వేసుకున్నాడు, బల్ల మడిచాడు, మూడడుగుల్లో వీధి దాటి పడమటి గోడ పక్కన మళ్లీ పరిచాడు. గోడ వెంట అప్పుడే జానెడు నీడ పడటం మొదలైంది. ఈ లోపు షట్టర్ లేచింది, లోపలి మనిషి చీపురుతో ఆ రజనంతా ఊడ్చాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు.

ఆ వీధిలో అంతకుముందు నేను రెండుసార్లు నడిచాను. నాకు కనపడింది ఒక మూసిన కొట్టు, ఒక తాళాలాయన, అంతే. అదే మూడు మీటర్ల జాగాకు పగలు ఇద్దరు హక్కుదారులున్నారని, సూర్యుడే వాళ్ల మధ్య పెద్దమనిషని కూర్చుంటే తప్ప తెలియలేదు.

మీరు కూర్చున్నప్పుడు ఏం చూడాలో నేను చెప్పలేను గానీ, ఎక్కడ చూడాలో చెప్పగలను. ఎవరు ఎవరిని చూసి పలకరింపుగా చెయ్యెత్తుతున్నారు? సరుకు ఎటు నుంచి వస్తోంది? ఎవరు ఎప్పుడూ ఆ పక్కనే నడుస్తున్నారు, ఎందుకు? ఈ మూడూ పట్టించుకుంటే చాలు.

8. అడగడం

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నవ్వుతూ అడిగితే ఎక్కడైనా దారి దొరుకుతుంది. అయితే ప్రశ్న అడిగే తీరులో ఒక కిటుకుంది. "స్టేషన్ ఇటేనా?" అని అడగకండి. తెలియనివాళ్లు కూడా మర్యాదకు అవునంటారు. "స్టేషన్ ఎటు?" అని అడగండి. చెయ్యి ఒక వైపు చాపాల్సి వస్తుంది కాబట్టి తెలియనివాళ్లు తెలియదనే చెబుతారు. కొంచెం దూరం వెళ్లి ఇంకొకరిని అడగండి. రెండు చేతులూ ఒకే వైపు చూపిస్తే వెళ్లండి.

నడుస్తున్నవాళ్ల కన్నా నిలకడగా కూర్చున్నవాళ్లను అడగడం మేలు. నడిచేవాళ్లలో సగం మంది మీలాంటి కొత్తవాళ్లే.

ఫోటో తీయాలంటే ముందు కెమెరా చూపించి, కళ్లతోనే అడగండి. తల అడ్డంగా ఊపితే నవ్వి వదిలేయండి. పిల్లలను పెద్దవాళ్లు పక్కన లేకుండా తీయకండి. పని చేసుకుంటున్న చేతులను తీయనివ్వమని అడిగితే, ముఖం తీయనివ్వనివాళ్లు కూడా చాలాసార్లు ఒప్పుకుంటారు.

9. రోడ్డు దాటడం, రాత్రి నడవడం

ప్రపంచ జనాభాలో దాదాపు మూడో వంతు ఎడమ పక్క బండ్లు నడిపే దేశాల్లో ఉంది. మీరు అలవాటు పడిన పక్క కాకుండా రెండో పక్క నడిపే దేశంలో ఉంటే, మెడ అలవాటు కొద్దీ తప్పు వైపు తిరుగుతుంది. లండన్‌లో రోడ్డు మీదే "కుడివైపు చూడండి" అని ఇంగ్లిషులో రాసి పెట్టింది అందుకే. రెండు వైపులా రెండేసి సార్లు చూడండి. సైకిళ్ల కోసం రంగు వేసిన దారి ఫుట్‌పాత్‌లా కనపడుతుంది, కానీ కాదు. సైకిల్ చప్పుడు వినపడదు.

రాత్రి నడకకు ఒక్కటే కొలమానం: వీధి మీద చూపులున్నాయా లేదా. అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో ఈ సంగతి వివరంగా రాశారు. తెరిచిన కొట్లు, కిటికీలు, గడపల్లో నిలబడ్డ మనుషులు ఉన్న వీధి తనను తానే కాపలా కాసుకుంటుంది. దీపాలు ఎన్నున్నా ఒక్క తలుపూ తెరిచి లేని వీధి కన్నా, దీపాలు తక్కువైనా నాలుగు కొట్లు తెరిచి ఉన్న వీధి నయం. ఏదైనా సందు మొదట్లోనే మనసు వెనకాడితే కారణాలు వెతక్కుండా పెద్ద వీధికి వచ్చేయండి.

10. దారి తప్పినప్పుడు

తప్పుతారు. ఒకసారి ఫోన్ ఛార్జింగ్ అయిపోయి, పవర్ బ్యాంక్ బసలో మర్చిపోయి, ఒక ఎర్ర తలుపు ముందుకు మూడోసారి వచ్చాను. రెండోసారి వచ్చినప్పుడు నవ్వొచ్చింది. మూడోసారి రాలేదు. ఎదురైన ప్రతివాళ్లనూ "మెయిన్ రోడ్డు ఇటేనా?" అని అడిగాను, ప్రతివాళ్లూ అవునన్నారు. ఇందాక చెప్పిన కిటుకు నేర్చుకున్నది ఆ రోజే.

చివరికి బయటపడేసింది ఒక తోపుడు బండి. పొద్దుటి వేళ, సరుకు దిగే సమయం. నిండు బండ్లు నాకు ఎదురొస్తున్నాయి, ఖాళీ బండి ఒకటి నన్ను దాటి వెళ్లింది. నిండు బండి వచ్చేది లారీ ఆగే చోటు నుంచి, ఖాళీ బండి వెళ్లేదీ అక్కడికే, లారీ ఆగేది వెడల్పాటి రోడ్డు మీదే కదా అని దాని వెనకే నడిచాను. ఆరు నిమిషాల్లో పెద్ద రోడ్డు మీదున్నాను. సాయంత్రమైతే బండ్లకు బదులు సంచి భుజాన వేసుకుని చకచకా నడిచేవాళ్ల వెనక వెళ్లండి, వాళ్లు బస్సుకో రైలుకో పోతుంటారు. అదీ లేకపోతే నది ఉన్న ఊళ్లో పల్లం వైపు నడవండి. మీరు ఎంచుకున్న అంచుల్లో ఏదో ఒకటి తగులుతుంది.

11. రెండో నడక

బసకు వచ్చి కాళ్లు చాపుకుని, మ్యాప్ చూడకుండా పేట బొమ్మ ఒక కాగితం మీద గీయండి. గీతలు వంకరపోతే పోనీ. ఎక్కడ గీయలేక ఆగిపోయారో అక్కడ మీరు నడిచారు గానీ చూడలేదు. రెండో నడకకు దారి ఆ ఖాళీల మీదుగా వేసుకోండి.

ఈసారి దీపాలు పెట్టాక, ఉదయం బయటపడిన చోటు నుంచి మొదలుపెట్టి ఎదురు దిక్కున నడవండి. ఆఖరి బస్సు, రైలు వేళలు ముందే చూసుకుని, దానికి గంట ముందు నడక ఆపేలా లెక్క వేసుకోండి. సంచి కూడా అక్కర్లేదు. జేబులో కాగితం, ఫోన్, కొంత డబ్బు చాలు. ఉచ్చులూ అంచులూ ఏమీ వద్దు, గుర్తున్న దారిన పోండి. పొద్దున మూసి ఉన్నవి తెరుచుకుని ఉంటాయి, తెరిచినవి మూసుకుని ఉంటాయి. ఉదయం పలకరించినవాళ్లు ఇప్పుడు గుర్తుపట్టి తల ఊపుతారు. కొత్త ఊళ్లో ఒక మనిషి మనల్ని గుర్తుపట్టడం ఎంత బాగుంటుందో!

ఆ తాళాలాయన వీధికి కూడా నేను రాత్రి ఏడింటికి తిరిగి వెళ్లాను. కొట్టు తెరిచి ఉంది, లోపల జనం. ఆయన లేడు. పడమటి గోడ పక్కన, బల్ల వేసిన మేర రాళ్ల సందుల్లో ఇనుప రజను దీపం వెలుగుకు సన్నగా మెరుస్తోంది. దాన్ని తొక్కుకుంటూ జనం వెళ్తున్నారు. నేను కాస్త పక్కకు జరిగి నడిచాను.